ఫొటో చూసి బొమ్మ వేస్తే హక్కు ఎవరిది?

ప్రశ్న: నేను అక్రిలిక్ రంగులతో బొమ్మలు వేస్తుంటాను. నిరుడు ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక ఫొటో కంటపడింది. సంతలో మిరపకాయల కుప్ప ముందు కూర్చున్న లంబాడా అవ్వ. అది చూసి పెద్ద కాన్వాస్ వేశాను. వెనకున్న దుకాణాలు తీసేసి ముదురు నీలం పెట్టాను. ఆ బొమ్మను పోస్టు చేసి, కింద ఫొటోగ్రాఫర్ పేరు కూడా రాశాను. బొమ్మ ఒక ప్రదర్శనలో అమ్ముడుపోయింది. దాని ప్రింట్లూ అమ్ముతున్నాను. ఇప్పుడు ఫొటో తీసినాయన లాయరు నోటీసు పంపించారు. చేత్తో, అంత కష్టపడి వేసింది కాపీ ఎలా అవుతుంది? నాకు జైలుశిక్ష పడుతుందా?
– ఒక చిత్రకారిణి, ఖమ్మం

జవాబు: సూటిగా చెప్పాలంటే, మీరు రాసిన వివరాలను బట్టి ఆ నోటీసులో పస ఉంది. అలాగని రేపే పోలీసులు తలుపు కొడతారని హడలిపోనక్కర్లేదు. మీరు ఎంత కష్టపడ్డారన్నది కోర్టు లెక్కలోకి రాదు. ఫొటోగ్రాఫర్ చేసిన పనిలోంచి ఎంత తీసుకున్నారన్నదే చూస్తుంది. మీ కేసులో మంచిచెడ్డలన్నీ ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతాయి.

ఫొటోలో ఆయన సొంతమేది?

1957 నాటి కాపీరైట్ చట్టం పెయింటింగునూ ఫొటోనూ ఒకే వరసలో కూర్చోబెట్టింది. రెండూ కళాకృతులే. ఫొటో గొప్పదా, మామూలుదా అన్న చర్చే లేదు. ఎవరిదో చూసి తీసింది కాకుండా సొంతంగా తీసినదైతే చాలు, తీసిన క్షణమే హక్కు పుడుతుంది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. మూలన వాటర్‌మార్క్ లేకపోయినా హక్కు పోదు.

అయితే సంతకూ, మిరపకాయలకూ, అవ్వ కట్టుకున్న అద్దాల రవికకూ ఎవరూ హక్కుదారులు కారు. ‘సంతలో అమ్ముకునే అవ్వ’ అనేది ఊహ. ఊహకు కాపీరైట్ లేదు. ఆ ఊహకు ఫొటోగ్రాఫర్ ఇచ్చిన రూపానికి ఉంది. ఎక్కడ నిలబడి తీశాడు, ఏ వెలుతురు కోసం ఆగాడు, ఆమె తల ఎటు తిప్పిన క్షణాన్ని పట్టుకున్నాడు, చట్రంలో ఏది ఉంచి ఏది వదిలాడు అన్నవన్నీ ఆయన ఎంపికలు. మీ కాన్వాస్ మీద అదే కోణం, అదే చూపు, చెంప మీద అదే వెలుగు ఉంటే, మీరు తీసుకున్నది ఆ ఎంపికలనే.

ఈ గీత ఎక్కడ గీయాలో సుప్రీంకోర్టు 1978లో ఆర్.జి.ఆనంద్ కేసులో చెప్పింది. ‘హమ్ హిందుస్తానీ’ నాటక రచయిత ‘న్యూ ఢిల్లీ’ అనే సినిమా తన నాటకానికి కాపీ అని దావా వేశారు. ప్రాంతీయ దురభిమానం అనే ఇతివృత్తం రెండింటిలోనూ ఉన్నా, దాన్ని నడిపిన తీరు వేరు కాబట్టి కాపీ కాదని కోర్టు తీర్పిచ్చింది. రెండూ చూసిన మామూలు ప్రేక్షకుడికి ‘ఇది దాని నకలే’ అని నిస్సందేహంగా అనిపిస్తుందా లేదా అన్నదే ఆ తీర్పు పెట్టిన పరీక్ష. మీరూ ఇంట్లో చేసి చూడండి. ఫొటోనూ మీ బొమ్మనూ పక్కపక్కన పెట్టి, చిత్రకళతో సంబంధం లేని నలుగురికి చూపించండి.

నలుగురూ నమ్మే నాలుగు మాటలు

*‘మాధ్యమం మారితే కాపీ కాదు.’* తప్పు. సెక్షన్ 14 ప్రకారం కళాకృతిని ఏ భౌతిక రూపంలో పునరుత్పత్తి చేసే హక్కయినా హక్కుదారుడిదే. కాగితం మీది బొమ్మను శిల్పంగా మలచడం కూడా ఇందులోకే వస్తుందని చట్టం పేరుపెట్టి మరీ చెప్పింది. అలాంటప్పుడు ఫొటోను అక్రిలిక్‌లోకి మార్చడం ఎలా తప్పించుకుంటుంది? గ్రిడ్ వేసి గీసినా, ట్రేస్ చేసినా, చూసి గీసినా ఫలితం ఒకటే.

*‘ముప్పై శాతం మారిస్తే చాలు.’* చట్టంలో ఎక్కడా ఇలాంటి శాతం లేదు. మీరు వెనక దుకాణాలు తీసేశారు. మంచిదే. కానీ ఫొటోకు ప్రాణమైన అవ్వ ముఖం అలాగే ఉంటే తీసేసిన భాగం మిమ్మల్ని కాపాడదు.

*‘పేరు వేశాను కదా.’* పేరు వేయడం మర్యాద. అనుమతికి అది బదులు కాదు. పైగా ఇందులో ఇంకో చిక్కుంది. ‘ఆ ఫొటోకు కాపీరైట్ ఉందని నాకు తెలియదు, తెలిసే అవకాశమూ లేదు’ అని రుజువు చేసుకున్నవారిపై సెక్షన్ 55 కాస్త దయ చూపుతుంది. నిషేధ ఉత్తర్వు, లాభాల్లో వాటా తప్ప నష్టపరిహారం వేయదు. ఫొటోగ్రాఫర్ పేరు స్వయంగా రాసిన మీకు ఆ వాదన దక్కదు.

*‘కొత్త అర్థం ఇచ్చాను.’* ఇది అమెరికా నుంచి వచ్చిన వాదన. అక్కడే దానికి హద్దు పడింది. గాయకుడు ప్రిన్స్‌ను లిన్ గోల్డ్‌స్మిత్ 1981లో ఫొటో తీశారు. 1984లో ఒక పత్రిక ఆమెకు 400 డాలర్లిచ్చి, ఒక్కసారి వాడుకునే షరతు మీద, ఆండీ వార్హోల్ చేత ఆ ఫొటో ఆధారంగా బొమ్మ వేయించింది. ఆయన అక్కడితో ఆగక వరసగా మరికొన్ని చేశారు. 2016లో ప్రిన్స్ చనిపోయాక వాటిలో ఒకదాన్ని పత్రిక ముఖచిత్రంగా వేసి, వార్హోల్ ఫౌండేషన్‌కు 10,000 డాలర్లిచ్చారు. గోల్డ్‌స్మిత్‌కు దమ్మిడీ రాలేదు. 2023లో అమెరికా సుప్రీంకోర్టు 7–2 మెజారిటీతో ఆమె పక్షాన నిలిచింది. అసలు ఫొటోను వాడే అవసరానికే బొమ్మనూ పత్రికకు ఇచ్చి సొమ్ము చేసుకుంటే, కొత్త శైలి ఒక్కటే కాపాడదని తేల్చింది.

యూరప్‌లోనూ ఇదే గాలి. జింగ్నా జాంగ్ తీసిన ఒక ఫ్యాషన్ ఫొటోను లక్సెంబర్గ్‌లో ఒక యువ చిత్రకారుడు కుడి ఎడమలు తిప్పి పెయింటింగుగా వేసి బహుమతి కూడా అందుకున్నాడు. ఫొటోలో చెప్పుకోదగ్గ స్వతంత్రత లేదంటూ 2022లో కింది కోర్టు ఆమె దావాను కొట్టేసింది. 2024లో అప్పీలు కోర్టు ఆ తీర్పును తిరగరాసింది. ఈ తీర్పులకు మన కోర్టులు కట్టుబడనక్కర్లేదు గానీ, మీ తరఫు లాయరు కంటే ముందు ఎదుటి లాయరే వీటిని ఉదాహరిస్తారు.

ఎవరిని అడగాలి?

చాలామంది పొరపడేది ఇక్కడే. ఫొటో తీసినవారే సాధారణంగా హక్కుదారులు. కానీ సెక్షన్ 17లో మినహాయింపులున్నాయి. ఎవరైనా డబ్బిచ్చి, తమ కోసం ఫొటో తీయించుకుంటే, వేరే ఒప్పందం లేనంతవరకు, తొలి హక్కుదారు ఆ డబ్బిచ్చినవారే. అంటే మీ దగ్గరకు ఒక జంట తమ పెళ్లి ఫొటో తెచ్చి ‘దీన్ని ఆయిల్ పెయింటింగుగా వేయండి’ అంటే, ఆ ఫొటోకు వాళ్లే డబ్బు కట్టి ఉంటే, చట్టప్రకారం వాళ్ల మాటే చాలు. అయితే స్టూడియో వాళ్లు సంతకం పెట్టించుకున్న కాగితంలో హక్కులు తమవేనని రాసి ఉండవచ్చు. ఒకసారి చూపించమనండి. ఉద్యోగంలో భాగంగా తీసిన ఫొటో సంస్థది. పత్రికలో పనిచేసే ఫొటోగ్రాఫర్ తీసిందైతే ప్రచురణ హక్కులు యజమానివి, మిగతావి ఫొటోగ్రాఫర్‌వి. కాబట్టి మీకు నోటీసు పంపినాయన ఆ ఫొటోను సొంతంగా తీశారా, ఎవరైనా డబ్బిచ్చి తీయించారా అన్నది అడిగే హక్కు మీకుంది.

ఫొటోలో ఉన్న మనిషి సంగతి వేరు. ఆమెకు కాపీరైట్ ఉండదు. కానీ తన రూపాన్ని వ్యాపారానికి వాడుకోవడంపై అభ్యంతరం చెప్పే హక్కును, ముఖ్యంగా పేరున్నవారి విషయంలో, కోర్టులు గుర్తిస్తున్నాయి. 2023లో నటుడు అనిల్ కపూర్‌కు ఢిల్లీ హైకోర్టు అలాంటి రక్షణే ఇచ్చింది. అభిమాన హీరో బొమ్మను గోడకు తగిలించుకోవడం వేరు, టీషర్టుల మీద అచ్చేసి అమ్మడం వేరు. రెండోదానికి ఫొటోగ్రాఫర్ అనుమతి ఒక్కటే చాలదు.

అడగకుండా గీయదగినవి

ఇంట్లో సాధన కోసం ఎవరి ఫొటో చూసైనా గీసుకోవచ్చు. సొంత వాడకానికి న్యాయమైన మేరకు సెక్షన్ 52 మినహాయింపు ఇస్తుంది. పాఠం చెప్పేటప్పుడు గురువూ శిష్యులూ గీసుకోవడానికీ మినహాయింపు ఉంది. సాధన బొమ్మను అమ్మకానికి పెట్టిన రోజున ఆ గొడుగు తొలగిపోతుంది.

బహిరంగ స్థలంలో శాశ్వతంగా నిలిపిన విగ్రహాన్ని చూసి బొమ్మ వేయవచ్చు, అమ్మవచ్చు. ట్యాంక్‌బండ్ మీది విగ్రహాల ముందు కూర్చుని గీసుకోండి, శిల్పి అనుమతి అక్కర్లేదు. అదే విగ్రహాన్ని మరొకరు తీసిన ఫొటో చూసి యథాతథంగా గీస్తే మాత్రం ఫొటోగ్రాఫర్ హక్కు అడ్డొస్తుంది. చార్మినార్‌కూ ఇదే సూత్రం. కట్టడం అందరిదీ, ఫొటో తీసినవాడిది.

పాత ఫొటోలు మరో దారి. కళాకృతిపై హక్కు కర్త జీవితకాలమూ, ఆ తర్వాత 60 ఏళ్లూ ఉంటుంది. 2012 సవరణకు ముందు ఫొటోలకు వేరే లెక్క. ప్రచురించాక 60 ఏళ్లే. అందుకే మన దేశంలో 1951 లేదా అంతకుముందు ప్రచురితమైన ఫొటోల గడువు సవరణకు ముందే తీరిపోయింది. నిజాం ఆస్థానంలో పనిచేసిన రాజా దీన్ దయాళ్ 1905లోనే కన్నుమూశారు. ఆనాడు ప్రచురితమైన ఆయన ఫొటోల్లోని హైదరాబాదును నిశ్చింతగా కాన్వాస్‌కు ఎక్కించవచ్చు.

ఇప్పుడు మీరు చేయవలసినవి

ఒకటి: ప్రింట్ల అమ్మకం ఆపండి. నోటీసు అందాక అమ్మిన ప్రతి ప్రింటూ మీకు వ్యతిరేక సాక్ష్యమే. మీరు ఆపకపోతే ఆయన నేరుగా మీ పోస్టు ఉన్న ఇన్‌స్టాగ్రామ్ లాంటి వేదికకే లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయవచ్చు. నిబంధనల ప్రకారం అలాంటి పోస్టును 36 గంటల్లో తొలగించాలి. 21 రోజుల్లో కోర్టు ఉత్తర్వు రాకపోతే తిరిగి ఉంచవచ్చు.

రెండు: ఏదీ చెరిపేయకండి. పోస్టును కనబడకుండా చేయండి గానీ స్క్రీన్‌షాట్లు, బిల్లులు, సందేశాలు దాచండి. ఒబామా ‘హోప్’ పోస్టర్ వేసిన షెపర్డ్ ఫెయిరీ ఒక వార్తాసంస్థ ఫొటోను వాడుకున్నాడు. కాపీరైట్ తగాదా 2011లో రాజీతో ముగిసింది. కానీ ఆధారాలు చెరిపేసి అబద్ధమాడినందుకు 2012లో 25,000 డాలర్ల జరిమానా, రెండేళ్ల ప్రొబేషన్ పడ్డాయి.

మూడు: నోటీసులో ఇచ్చిన గడువులోగా జవాబివ్వండి. మౌనం మంచిది కాదు. ఎన్ని అమ్మారో, ఎంత వచ్చిందో లెక్క తీసి, జరిగినదానికి కొంత, ఇకముందు ప్రింట్లకు కొంత రాయల్టీ ఇస్తామని ప్రతిపాదించండి. ఇలాంటి తగాదాల్లో ఇద్దరికీ చవకైన దారి రాజీయే.

శిక్ష గురించి అడిగారు. తెలిసి ఉల్లంఘిస్తే సెక్షన్ 63 కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల జరిమానా. ఇది పోలీసులు నేరుగా కేసు పెట్టగల, బెయిల్ హక్కుగా రాని నేరమని సుప్రీంకోర్టు 2022లో స్పష్టం చేసింది. అందుకే నోటీసును తేలిగ్గా తీసుకోవద్దంటున్నాను. సివిల్ కోర్టులోనైతే నిషేధ ఉత్తర్వు, నష్టపరిహారం, లాభాల లెక్క అడుగుతారు. పరిహారం కోసం దావాకు ఉల్లంఘన జరిగిన నాటి నుంచి మూడేళ్ల గడువు. ఫొటోగ్రాఫర్ తానుండే ఊళ్లోనే దావా వేయగలరు, మీరు అక్కడికి తిరగాల్సి వస్తుంది.

ఇకముందు అనుమతి ఇలా తీసుకోండి

‘మీ ఫొటో చూసి బొమ్మ వేయనా?’ అంటే ‘వేసుకో’ అంటారు. గొడవలు అక్కడే మొదలవుతాయి. కాగితం మీద, సంతకంతో, ఈ నాలుగూ రాయించుకోండి: ఏ ఫొటో; ఒక్క కాన్వాసా, ప్రింట్లు కూడానా; ఎంత సొమ్ము; ఎన్నేళ్లు, ఏయే దేశాల్లో. చివరిది వదిలేస్తే చట్టమే నింపుతుంది. కాలం రాయకపోతే ఐదేళ్లు, ప్రాంతం రాయకపోతే భారతదేశం. అమెరికాలోని తెలుగువాళ్లకు ప్రింట్లు పంపాలనుకుంటే ఆ మాట రాయాల్సిందే.

అదే సెక్షన్ 17 మీ మీదా పనిచేస్తుంది. డబ్బు తీసుకుని ఎవరికైనా వారడిగిన బొమ్మ వేసిస్తే, వేరే ఒప్పందం లేకపోతే కాపీరైట్ వారిదే. మీరు సొంతంగా వేసిన బొమ్మను కొన్నవారికి కాన్వాస్ వెళుతుంది గానీ ప్రింట్లు వేసే హక్కు వెళ్లదు. కాబట్టి ఆర్డరు తీసుకునేటప్పుడు ‘ప్రింట్ల హక్కు నాదే’ అని ఒక్క వాక్యం రాసి సంతకం పెట్టించుకోండి.

లాయరు ఖర్చు భయపెడుతుంటే, మహిళగా మీకు ఆదాయ పరిమితితో పనిలేకుండా ఉచిత న్యాయసహాయం అందుతుంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి. వెళ్లేటప్పుడు నోటీసు, ఫొటో, మీ బొమ్మ, అమ్మకాల బిల్లులు వెంట తీసుకెళ్లండి.