మిగిలిపోయిన సమోసాలు మీరు కొనకండి



పోయిన ఏడాది మన క్యాంపస్‌లో జరిగిన స్టాల్ డే మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఎనిమిదో తరగతి పిల్లలు నలుగురైదుగురు చొప్పున కలిసి స్టాళ్లు పెట్టారు. నిమ్మరసం, సమోసాలు, చేత్తో చేసిన గ్రీటింగ్ కార్డులు, మొక్కల కుండీలు. సాయంత్రం లెక్కల టీచర్‌గా ఒక్కో గ్రూపు దగ్గరికీ వెళ్లి ‘లాభం ఎంత?’ అని అడిగాను. నిమ్మరసం వాళ్లు ‘పద్నాలుగు వందలు, టీచర్!’ అన్నారు గర్వంగా. మరి నిమ్మకాయలు, పంచదార, ఐసు, గ్లాసులు ఎవరు కొన్నారంటే ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ‘మమ్మీ తెచ్చింది టీచర్’ అన్నారు. కొన్నవెల సున్నా అయితే ఏ వ్యాపారమైనా లాభమే కదా!

సమోసాల గ్రూపుది ఇంకో కథ. వాళ్లు నిజాయితీగా 120 సమోసాలు ఒక్కోటి 8 రూపాయల చొప్పున ఆర్డరిచ్చి తెచ్చుకున్నారు. 12కి అమ్మాలని ప్లాన్. పక్కనే ఇంకో గ్రూపు కూడా సమోసాలే పెడుతుందని ఊహించలేదు. మూడున్నరకు 70 అమ్ముడై 50 మిగిలాయి. పెట్టింది 960, వచ్చింది 840. నష్టం 120 రూపాయలు. ఒక పాపకు అప్పటికే కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. సరిగ్గా అప్పుడే ఒక నాన్నగారు వచ్చి, 600 ఇచ్చి ఆ 50 సమోసాలూ కొనేశారు. పిల్లలంతా చప్పట్లు కొట్టారు. షీటులో ‘లాభం 480’ అని రాసుకున్నారు. ఆ సమోసాలు చివరికి స్టాఫ్ రూముకు వచ్చాయి. మేమూ తిన్నాం, అది వేరే విషయం.

ఆ నాన్నగారి ప్రేమను నేను తప్పుపట్టను. ఆయన స్థానంలో ఉంటే బహుశా నేనూ అదే చేసేదాన్ని. కానీ ఆ పిల్లలకు ఆ రోజు 120 రూపాయలకు దొరకాల్సిన పాఠం ఒకటి ఉంది. అది వాళ్ల చేతికి రాకుండా పోయింది. పెద్దయ్యాక అదే పాఠం చాలా ఖరీదుగా దొరుకుతుంది. ఎంత ఖరీదో మా ఇంట్లో చూశాను.

మా అన్నయ్య ఇంజనీరింగ్ అయ్యాక మూడేళ్లు ఉద్యోగం చేసి, మానేసి, హైదరాబాద్‌లో ఒక స్టార్టప్ పెట్టాడు. ఇళ్లలో బాగా వంట చేసే ఆంటీల దగ్గర భోజనం చేయించి హాస్టళ్లకు బాక్సులు పంపడం. యాప్ కూడా ఉండేది. పెట్టుబడి మొత్తం 11 లక్షలు. తన పొదుపు 4, నాన్న పీఎఫ్‌లోంచి 3, బ్యాంకు లోను 4. బాక్సు 80 రూపాయలు. రోజుకు 200 బాక్సులు వెళ్తున్నాయని అమ్మ ఫోన్లో అందరికీ చెప్పేది.

ఇప్పుడు లెక్క చూడండి. వంట చేసే ఆంటీకి 55, డెలివరీకి 25, ప్యాకింగ్‌కు 6, ఆన్‌లైన్ పేమెంట్ చార్జీ రూపాయిన్నర. మొత్తం 87 రూపాయల 50 పైసలు. అంటే ప్రతి బాక్సు మీదా ఏడున్నర రూపాయలు పోతోంది. రోజుకు 200 బాక్సులకు 1,500, నెలకు 45,000. ఆఫీసు గది అద్దె, యాప్ ఖర్చు ఇందులో కలపలేదు. ఆర్డర్లు పెరిగేకొద్దీ నష్టం పెరిగే వ్యాపారం అది. ‘స్కేల్ అయితే సర్దుకుంటుంది’ అనేవాడు అన్నయ్య. ఎలా సర్దుకుంటుందో ఎవరం అడగలేదు. లెక్కలు చదువుకున్న నేను కూడా అడగలేదు. పద్నాలుగు నెలలకు మూతపడింది.

తర్వాత నెల రోజులు అన్నయ్య గదిలోంచి బయటికి రాలేదు. అమ్మ చుట్టాలతో ‘కంపెనీ మారుతున్నాడు’ అనేది. పెళ్లిళ్లకు వెళ్లడం మానేశాం. ఆ అబద్ధం అన్నయ్య పరువు కోసమే, కానీ గోడ అవతల అది వింటున్నవాడికి ఎలా ఉంటుందో మాకు తట్టలేదు. తన పేరు చెప్పుకోవడానికే ఇంట్లోవాళ్లు సిగ్గుపడుతున్నారని అనుకున్నాడట. ఈ మాట రెండేళ్ల తర్వాత నాతో అన్నాడు.

మార్పు నాన్న వల్ల వచ్చింది. ఆయన ఆర్టీసీ డిపోలో అకౌంట్స్ క్లర్కుగా చేసి రిటైరయ్యారు. ఓదార్చడం ఆయనకు రాదు, తిట్టడం ఇష్టం లేదు. ఒక రాత్రి భోజనాలయ్యాక పాత రూళ్ల పుస్తకం తీసుకుని అన్నయ్య పక్కన కూర్చుని ‘ఎవరెవరికి ఇవ్వాలో చెప్పరా’ అన్నారు. వంట చేసిన ముగ్గురు ఆంటీలకు 46,000. డెలివరీ అబ్బాయిల ఆఖరి నెల జీతం 38,000. గది అద్దె 12,000. మనకు రావాల్సింది గది అడ్వాన్సు 24,000, రెండు హాస్టళ్ల బాకీ 19,000. తేడా 53,000. ఆపైన బ్యాంకు లోను. నెల రోజులుగా అన్నయ్య ‘అంతా పోయింది’ అంటున్నాడు. ఆ ‘అంతా’కు ఆ రాత్రి ఒక అంకె దొరికింది. నాన్న ఒక్కటే అన్నారు, ‘ముందు వంట చేసిన వాళ్లవి ఇచ్చేద్దాం.’ మర్నాడు అన్నయ్య గడ్డం గీసుకుని ఆంటీల ఇళ్లకు వెళ్లొచ్చాడు.

మనం పిల్లలకు ఎప్పుడూ గెలిచిన కథలే చెప్తాం. అసెంబ్లీలో నేనూ చెప్పాను. 2005 దీపావళికి బెంగళూరు నుంచి ఇంటికి రావడానికి బస్సు టికెట్ దొరకని ఫణీంద్ర సామ గారు మరుసటి ఏడాది బిట్స్ పిలానీ మిత్రులతో కలిసి రెడ్‌బస్ పెట్టడం, 2013లో దాన్ని ఐబిబో గ్రూపు కొనడం. మన తెలంగాణ కుర్రాడి కథ, చెప్పాల్సిందే. దాని పక్కనే కూ యాప్ కథ కూడా చెప్పాలని ఇప్పుడనిపిస్తోంది. తెలుగులోనూ రాసుకునే వీలున్న ఆ పసుపు పిట్ట యాప్ 2020లో మొదలైంది, లక్షల మంది వాడారు. పెద్ద సంస్థలతో కలవాలని జరిగిన చర్చలు ఫలించక 2024 జూలైలో మూతపడింది. దాన్ని స్థాపించినవారిలో ఒకరైన అప్రమేయ రాధాకృష్ణ గారు అంతకుముందు టాక్సీ ఫర్ ష్యూర్‌ను స్థాపించినవారిలోనూ ఒకరు. దాన్ని 2015లో ఓలా దాదాపు 20 కోట్ల డాలర్లకు కొన్నది. మొదటిసారి అంత పెద్దగా గెలిచినవారికి రెండోసారి అలా జరిగింది. తెలివి తక్కువై కాదు. వ్యాపారంలో మన చేతిలో లేనివి చాలా ఉంటాయి.

మన చేతిలో ఉన్నవాటిలో కాగితాల పని ఒకటి. ఇది మా ఇంట్లో ఎవరికీ తెలియదు కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ పెట్టాక, షట్టర్ దించినంత మాత్రాన అది మూతపడదు. ఒక్క రూపాయి వ్యాపారం జరగకపోయినా ఏటా కంపెనీల రిజిస్ట్రార్‌కు ఆర్థిక లెక్కలు ఒక ఫారంలో, వార్షిక రిటర్ను మరో ఫారంలో దాఖలు చేయాలి. ఆలస్యమైతే ఒక్కో ఫారానికి రోజుకు 100 రూపాయల అదనపు ఫీజు. రెండు ఫారాలూ ఏడాది ఆలస్యమైతే 73,000. వరసగా మూడేళ్లు దాఖలు చేయకపోతే ఐదేళ్లపాటు ఏ కంపెనీలోనూ కొత్తగా డైరెక్టరు కావడానికి వీల్లేదు. ఇక నడపకూడదనుకుంటే బాకీలు తీర్చి, కంపెనీ పేరును రిజిస్టరు నుంచి తొలగించమని దరఖాస్తు చేసుకోవాలి. అన్నయ్య ఇది పట్టించుకోలేదు. వంట చేసిన వాళ్ల బాకీకి రెట్టింపు డబ్బు ఆలస్యపు ఫీజులకే కట్టాడు.

ఇంకొకటి. ‘లిమిటెడ్’ అంటే కంపెనీ అప్పు కంపెనీదే, ఇంటి మీదకు రాదని అనుకుంటాం. చట్టం ఉద్దేశం అదే. కానీ అప్పిచ్చేటప్పుడు బ్యాంకు డైరెక్టర్ల వ్యక్తిగత హామీ అడగడం మామూలు. ఆ కాగితం మీద మీరు సంతకం పెడితే అప్పు మీ ఇంటికి వచ్చినట్టే. పిల్లల మీద నమ్మకం వేరు, హామీ సంతకం వేరు. పోయినా ఇల్లు గడుస్తుందనుకున్నంత డబ్బు ఇవ్వండి, అంతకుమించి సంతకం అడిగితే ఒక రాత్రి ఆగండి. నా మాట కఠినంగా ఉందనిపిస్తే క్షమించండి. నాన్న రిటైరయ్యాక కూడా ఈఎంఐ కట్టడం చూసినదాన్ని.

మీ ఇంట్లో పెద్ద పిల్లలెవరైనా ఇప్పుడు ఇలాంటి దశలో ఉంటే, ముందు చుట్టాలకు ఏం చెప్పాలో వాళ్లనే అడిగి తేల్చుకోండి. ‘ఉద్యోగం మానొద్దని అప్పుడే చెప్పాను’ అనే మాట నిజమే కావచ్చు, దాంతో ఎవరి బాకీ తీరదు. నిద్ర, తిండి మానేసినా, బతకడం దండగ అన్నట్టు మాట్లాడినా మాత్రం లెక్కల పుస్తకం పక్కన పెట్టి వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

అన్నయ్య ఇప్పుడు ఒక కంపెనీలో ఉద్యోగం చేస్తున్నాడు. లోను పోయిన సంక్రాంతికి తీరింది. మళ్లీ వ్యాపారం పెడతాడా అంటే నాకు తెలియదు. అడిగితే ‘ముందు బాక్సు లెక్క చూపిస్తాను’ అని నవ్వుతాడు.

ఈసారి స్టాల్ డే ఈ నెల ఆఖరి శనివారం. నియమాలు కొంచెం మార్చాం. ఒక్కో గ్రూపు 1,000 రూపాయలకు మించి ఖర్చు పెట్టకూడదు. ఇంట్లోంచి తెచ్చిన పంచదారైనా సరే, బజారు ధర కట్టి కొన్నవెలలో రాయాలి. ఆటో చార్జీ కూడా రాయాలి. లెక్కల షీటు ఈ సంచిక ఇంగ్లిష్ పేజీల్లో ఉంది, ముందురోజు ఇంట్లో ఒకసారి పిల్లలతో కలిసి చూడండి. నష్టం వచ్చిన గ్రూపులు సోమవారం మొదటి పీరియడ్‌లో తమ లెక్క బోర్డు మీద వేసి చూపిస్తాయి, లాభం వచ్చినవాళ్ల వంతు ఆ తర్వాతే. మీరు తప్పకుండా రండి. మీ పిల్లల స్టాల్‌లో మాత్రం ఒక్కొక్కరు ఒక్కటే కొనండి. ఇంకా ఆకలేస్తే క్యాంటీన్ తెరిచే ఉంటుంది.