మొక్కినా పోని బలహీనత: పౌలు ముల్లు, గజేంద్రుడి మొర, కుంతి కోరిక



గజేంద్ర మోక్షం మీద మనం చేసిన వీడియో చూసి ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. హైదరాబాద్‌లో ఉద్యోగ ప్రయత్నాల్లో ఉన్నాడు. చిన్నప్పటి నుంచి నత్తి. రాత పరీక్ష దాటేస్తాడు, ఇంటర్వ్యూలో తన పేరు చెప్పే దగ్గరే మాట ఆగిపోతుంది. "ఏడేళ్లుగా ప్రతి మంగళవారం హనుమంతుడి గుడికి వెళ్తున్నా అన్నా. నత్తి పోలేదు. గజేంద్రుడు పిలిస్తే వచ్చిన స్వామి నాకెందుకు రాలేదు? నా భక్తిలోనే లోపం ఉందా?" అని అడిగాడు. చివర్లో ఇంకో మాట కూడా రాశాడు. "నా రూమ్మేట్ క్రిస్టియన్. పౌలు అనే ఆయనకీ ఇలాంటి బాధే ఏదో ఉండేదట. అది పోకుండానే బలం దొరికిందట. మన గ్రంథాల్లో అలాంటిది ఉందా?"

ఈ రోజు పాఠం ఆ తమ్ముడి కోసం. కానీ మనలో ప్రతి ఒక్కరికీ దాచుకునే బలహీనత ఒకటి ఉంటుంది కదా. కాబట్టి అందరం కలిసి చదువుదాం.

ముందు రూమ్మేట్ చెప్పిన పౌలు సంగతి

ఇంకొకరి గ్రంథం గురించి మాట్లాడేటప్పుడు వాళ్లు చెప్పినదాన్ని సరిగ్గా చెప్పాలి. అందుకే కాస్త వివరంగా చూద్దాం.

పౌలుది తార్సు అనే ఊరు, ఇప్పటి టర్కీలో ఉంది. గుడారాలు కుట్టే పని చేసుకుంటూ, యేసు గురించి ఊరూరా తిరిగి చెప్పిన మనిషి. గ్రీసులోని కొరింథు పట్టణంలో ఒక సంఘాన్ని నిలబెట్టాడు. ఆయన వెళ్లాక అక్కడికి వేరే బోధకులు వచ్చారు. గొప్పగా మాట్లాడేవాళ్లు, తమ అర్హతలు ఏకరువు పెట్టేవాళ్లు. వాళ్ల పక్కన పెట్టి చూస్తే పౌలు తేలిపోయాడు. ఉత్తరాల్లో గంభీరంగా ఉంటాడు గానీ ఎదురుగా చూస్తే బలహీనుడు, మాట కూడా పసలేనిది అని కొందరు అన్నారు. ఈ విమర్శను పౌలే తన ఉత్తరంలో రాసుకున్నాడు. క్రైస్తవులు దాన్ని కొరింథీయులకు రాసిన రెండో పత్రిక అంటారు. సుమారు క్రీ.శ. 55, 56 ప్రాంతంలో రాసింది.

మనమైతే ఏం చేస్తాం? మన రెజ్యూమె తీసి చూపిస్తాం. పౌలూ ఒక లిస్టు రాశాడు, కానీ అందులో ఉన్నవి తిన్న దెబ్బలు, జైళ్లు, పడవ ప్రమాదాలు, ఆకలి. చివర్లో ఏం రాశాడో తెలుసా? డమాస్కస్‌లో తనను పట్టుకోవడానికి మనుషులు కాపు కాస్తుంటే, గోడలోని కిటికీ గుండా బుట్టలో కూర్చోబెట్టి కిందికి దింపితే తప్పించుకున్నానని! గొప్ప చెప్పుకోవాల్సిన చోట ఎవరైనా బుట్టలో దిగిన కథ చెప్తారా? ఆయన చెప్పాడు.

ఆ తర్వాతే ముల్లు సంగతి వస్తుంది. తన శరీరంలో ఒక ముల్లు ఉందంటాడు. అది రోగమా, వేరే బాధా అన్నది చెప్పలేదు. కంటి జబ్బు అని కొందరు, మూర్ఛ అని కొందరు, తనను వేధించిన మనుషులే అని కొందరు ఊహించారు. తనకు గొప్ప దర్శనాలు కలిగాయి కాబట్టి గర్వం తలకెక్కకుండా ఇది పెట్టారని ఆయన అర్థం చేసుకున్నాడు. తీసేయమని మూడుసార్లు వేడుకున్నాడు. ముల్లు పోలేదు. ఆయనకు దొరికిన జవాబు సారాంశం ఇది: నా కృప నీకు చాలు, నీ బలహీనతలోనే నా శక్తి పూర్తిగా పని చేస్తుంది.

గమనించారా? ప్రార్థన విఫలం కాలేదు, జవాబు వచ్చింది. కానీ అడిగింది ఒకటి, దొరికింది ఇంకొకటి.

ఇప్పుడు మన గజేంద్రుడు

భాగవతం అష్టమ స్కంధం. గజేంద్రుడు మామూలు ఏనుగు కాదు, మందకు రాజు. త్రికూట పర్వతం దగ్గర మడుగులోకి దిగితే మొసలి కాలు పట్టుకుంది. వెయ్యేళ్లు పోరాడాడని భాగవతం చెప్తుంది. నీళ్లు మొసలికి సొంత ఇల్లు కాబట్టి దాని బలం పెరుగుతూ పోయింది, ఏనుగు బలం తరుగుతూ పోయింది.

ఇక్కడ రెండు విషయాలు చాలామంది దాటేస్తారు.

మొదటిది, గజేంద్రుడు మొసలి పట్టగానే చేతులెత్తేయలేదు. ఉన్న బలమంతా పెట్టి పోరాడాకే శరణు అన్నాడు. కాబట్టి శరణాగతికి సోమరితనానికి సంబంధం లేదు. తమ్ముడూ, స్పీచ్ థెరపిస్టు దగ్గరికి వెళ్లడం భక్తికి తక్కువేం కాదు. అది నీ వంతు పోరాటం.

రెండోది, మన పోతన గారి గజేంద్రుడు అనుమానపడతాడు. దేవుడు ఉన్నాడంటున్నారు, మరి నిజంగా ఉన్నాడా అని ప్రార్థన మధ్యలోనే అడుగుతాడు. అయినా స్వామి వచ్చాడు. లక్ష్మీదేవికి కూడా చెప్పకుండా, శంఖచక్రాల సంగతి మర్చిపోయి పరుగెత్తుకొచ్చాడని పోతన గారు రాశారు. అంటే అనుమానం వచ్చిందని స్వామి అలిగి ఆగిపోలేదు. "నా భక్తిలో లోపం ఉందేమో" అని కుమిలిపోయేవాళ్లు ఈ ఘట్టం మళ్లీ చదవాలి.

కానీ నిజాయితీగా ఒప్పుకుందాం. గజేంద్రుడి కష్టం తీరిపోయింది. తమ్ముడి నత్తి పోలేదు. కాబట్టి అతని ప్రశ్నకు ఈ కథ ఒక్కటే సరిపోదు.

కుంతీదేవి అడిగిన వింత వరం

అదే భాగవతం ప్రథమ స్కంధం, ఎనిమిదో అధ్యాయానికి వెళ్దాం. యుద్ధం అయిపోయింది. కృష్ణుడు ద్వారకకు బయల్దేరుతున్నాడు. అప్పుడు కుంతి తన కష్టాలన్నీ గుర్తు చేసుకుంటుంది. భీముడికి పెట్టిన విషం, లక్క ఇంటి మంటలు, జూదసభ, అరణ్యవాసం, చివరికి ఉత్తర గర్భం మీదికి వచ్చిన అశ్వత్థామ అస్త్రం. ఇన్ని చూసిన తల్లి ఏం కోరాలి? "ఇక చాలు కృష్ణా" అనాలి కదా?

ఆమె ఆ ఆపదలే మళ్లీ మళ్లీ రానీ అని అడిగింది! ఎందుకంటే ఆపద వచ్చిన ప్రతిసారీ కృష్ణుడు కనిపించాడు. ఆయన దర్శనమైతే ఇక జన్మల చక్రం ఉండదు. ఆ వెంటనే ఇంకో మాట అంటుంది. పుట్టుక, సంపద, చదువు, అందం వల్ల మదం పెరిగినవాడికి నీ పేరు పిలవడం కూడా చేతకాదు, ఏమీ లేనివాళ్లకే నువ్వు దొరుకుతావు అని.

పౌలు, కుంతి చెప్పింది ఒకటేనా? అలా అనేస్తే ఇద్దరికీ అన్యాయం. పౌలుకు ఆ బలం క్రీస్తు కృప వల్ల వచ్చింది. కుంతి చూపు మోక్షం మీద ఉంది. దారులు వేరు, చివర్లో చేరాలనుకున్న చోటూ వేరు. కానీ ఒక విషయంలో ఇద్దరూ పక్కపక్కనే నిలబడతారు: కష్టం పోలేదంటే దేవుడు వదిలేశాడని అర్థం కాదు.

తమ్ముడికి, మనందరికీ

నీ భక్తిలో లోపం లేదు తమ్ముడూ. ఏడేళ్లు ఫలితం కనిపించకపోయినా గుడి మెట్లెక్కిన ఆ పట్టుదల ఎక్కడి నుంచి వచ్చిందనుకుంటున్నావు? అడిగింది రాలేదు సరే, నిలబెట్టింది ఏదో ఉంది కదా.

ఇంకో సంగతి. ఇంటర్వ్యూలో సగం శక్తి మాట్లాడటానికి కాదు, నత్తి దాచడానికే ఖర్చయిపోతోంది. ఈసారి మొదట్లోనే చెప్పేసి చూడు: "నాకు నత్తి ఉంది, కొంచెం టైమ్ తీసుకుని మాట్లాడతాను." ఉద్యోగం వస్తుందని నేను గ్యారంటీ ఇవ్వలేను. దాచే బరువు మాత్రం దిగుతుంది.

మిగతావాళ్లకు ఈ వారం చిన్న సాధన. రాత్రి దీపం పెట్టాక, లేదా పడుకునే ముందు, ఒక కాగితం మీద రెండు వాక్యాలు రాయండి. ఒకటి, నేను దాస్తున్న బలహీనత ఏమిటి. రెండు, అది ఉండగానే నన్ను ఇంతవరకు నడిపించింది ఏమిటి. ఎవరికీ చూపించక్కర్లేదు. స్వామి ముందు పెట్టండి, చాలు.

ఇక తమ్ముడూ, నీ రూమ్మేట్‌కి మా తరఫున థాంక్స్ చెప్పు. స్నేహితుడి బాధ విని తనకు బలమిచ్చిన మాటను పంచుకోవడం మంచి మనసున్నవాళ్లు చేసే పని. ఇప్పుడు నువ్వు అతనికి కుంతి కథ చెప్పు.

శుభం.