చెట్లెక్కడం రాకపోతే ఈ చదువు కష్టమా?

ప్రశ్న: మాది గుంటూరు. మావారి ఉద్యోగం వల్ల మసాచుసెట్స్‌లో ఉంటున్నాం. నాది హెచ్-4 వీసా. బీఎస్సీ బోటనీ చదివాను. ఇక్కడ రెండేళ్ల అర్బన్ ఫారెస్ట్రీ (నగరాల్లో చెట్ల సంరక్షణ) డిగ్రీ చేయాలని ఉంది. చెట్లెక్కాలంటే భయం. చేరవచ్చా?
- ఒక పాఠకురాలు

జవాబు: నిరభ్యంతరంగా చేరండమ్మా. తాడుతో చెట్టెక్కే మనుషులే బయటికి కనిపిస్తారు కాబట్టి చదువంతా అదేననిపిస్తుంది. మీ రాష్ట్రంలోనే ఆమ్‌హెర్స్ట్‌లోని స్టాక్‌బ్రిడ్జ్ స్కూల్లో ఈ రెండేళ్ల డిగ్రీ ఉంది. ఎక్కడం నేర్పుతారు, నిజమే. కానీ నేల, తెగుళ్లు, చెట్ల లెక్కింపు, నగరంలో చెట్ల ప్రణాళిక కూడా అంతే ముఖ్యం. మీ బోటనీ అక్కడ బాగా అక్కరకొస్తుంది.

ఇప్పటినుంచే మీ వీధిచెట్ల మొదళ్లు గమనించండి. కాండం వెడల్పై వేళ్లలోకి దిగేచోటు పైకి కనిపించాలి. మల్చ్ (చెట్టు చుట్టూ నేలపై పరిచే చెక్కపొట్టు లాంటిది) కుప్పపోసి దాన్ని కప్పేస్తే బెరడు నాని కుళ్లుతుంది. కొమ్మ కోసినచోటా చూడండి. కొమ్మ మొదలు దగ్గరి ఉబ్బును వదిలి కోస్తేనే గాయం చక్కగా మూసుకుంటుంది. చెట్ల లెక్కింపుకు అమెరికా అటవీశాఖ వారి ఐ-ట్రీ సాఫ్ట్‌వేర్ ఉచితం, వాడి చూడండి.

చదువయ్యాక ఐఎస్ఏ (ఇంటర్నేషనల్ సొసైటీ ఆఫ్ ఆర్బరికల్చర్) వారి ఆర్బరిస్ట్, అంటే చెట్ల సంరక్షణ నిపుణుల, పరీక్ష రాయాలంటే మామూలుగా మూడేళ్ల అనుభవం అడుగుతారు. ఈ డిగ్రీ ఉంటే రెండేళ్లు చాలు.

హెచ్-4 మీద చదువుకోవచ్చు. పని అనుమతి లేకుండా జీతం మాత్రం తీసుకోకూడదు. అందుకే ఇంటర్న్‌షిప్ ఒప్పుకునేముందు ఇమిగ్రేషన్ లాయర్‌ను తప్పకుండా కలవండి. ఎత్తులో కళ్లు తిరుగుతుంటే చేరకముందే డాక్టరుకు చూపించుకుని, కాలేజీ సలహాదారుతో ఆ సంగతి చెప్పండి.