బురదపై తేలే గాలి పరుపు

ఇంగ్లండ్‌లోని బర్న్‌హామ్-ఆన్-సీ తీరంలో సముద్రం వెనక్కి తగ్గినప్పుడు విశాలమైన బురద నేల బయటపడుతుంది. 2002లో ఆ ప్రాంతంలో ఒక ఐదేళ్ల పాప బురదలో చిక్కుకొని, పోటు నీటికి ప్రాణాలు కోల్పోయింది. నడిచి వెళ్దామంటే కాలు దిగబడుతుంది. పడవ వేద్దామంటే నీరుండదు. ఆ తర్వాత ప్రజలు విరాళాలు పోగుచేసి, రక్షణ కోసం హోవర్‌క్రాఫ్ట్ సమకూర్చుకున్నారు. మనిషి దిగబడే చోట అంత బరువైన వాహనం ఎలా నిలుస్తుంది?

తరగతిలో మేము ఈ పాఠాన్ని ఒక చిన్న లెక్కతో మొదలుపెడతాం. 60 కిలోల మనిషి రెండు పాదాల వైశాల్యం 300 చదరపు సెంటీమీటర్లు అనుకుందాం. ఒక్కో చదరపు సెంటీమీటరుపై 200 గ్రాముల బరువు పడుతుంది. ఇక 2 టన్నుల హోవర్‌క్రాఫ్ట్ కింద 20 చదరపు మీటర్ల గాలి పరుపు ఉందనుకుంటే, పడేది 10 గ్రాములే! అంటే మనిషి పాదం కింద ఉన్నదానిలో ఇరవయ్యో వంతు. వాతావరణ పీడనంతో పోల్చినా ఇది సుమారు ఒక శాతమే.

ఇంత తక్కువ పీడనానికి పెద్ద ఫ్యాన్ ఎందుకు? పరుపు అంచు కింది సందులోంచి గాలి నిరంతరం బయటకు పోతుంది. పై లెక్క ప్రకారం దాని వేగం గంటకు 140 కిలోమీటర్ల దాకా ఉంటుంది. ఇది ఒకసారి గాలి నింపి మూత బిగించే ట్యూబు కాదు. ఎంత పోతుందో అంతా నింపుతూ ఉంటేనే వాహనం తేలుతుంది. సందు ఎత్తు రెట్టింపైతే కావలసిన గాలీ దాదాపు రెట్టింపవుతుంది.

ఈ నష్టాన్ని తగ్గించే ఉపాయాన్ని బ్రిటిష్ ఇంజనీరు క్రిస్టఫర్ కాకరెల్ 1955లో పరీక్షించాడు. ఒక డబ్బాలో చిన్న డబ్బా అమర్చి, రెండింటి మధ్య సందులోంచి గాలి ఊది, కింద తక్కెడపై ఆ తోపును కొలిచాడు. అంచు చుట్టూ వచ్చే గాలి తెరలా నిలిచి, లోపలి గాలిని పట్టి ఉంచింది. ఈ సూత్రంతో తయారైన ఎస్.ఆర్.ఎన్.1 వాహనం 1959 జులై 25న కలే నుంచి డోవర్‌కు ఇంగ్లిష్ చానల్ దాటింది. తర్వాత అంచులకు మెత్తని రబ్బరు పూత గుడ్డతో లంగాలాంటి అమరిక వచ్చింది. అది అలలకూ రాళ్లకూ వంగి, సందును చిన్నదిగా ఉంచుతుంది.

బురద మీద ప్రాణం నిలిపేది గాలి బలం కాదు, బరువును అందరికీ పంచినట్టు నేలంతటికీ పంచడం.