వగరులోని ఔషధగుణము – టానిక్ ఆమ్లము

కరక్కాయను కొరికినచో నాలుక బిగుసుకొనును. పచ్చి జామకాయ, దానిమ్మ తొక్క, తుమ్మచెక్క, తాంబూలములోని కాచు – వీని వగరునకు మూలము టానిన్లు అను పదార్థములు. వానిలో వైద్యమునందు ప్రసిద్ధి కెక్కినది టానిక్ ఆమ్లము. ఇది మాచికాయలలో సమృద్ధిగా లభించును.

పనిచేయు విధము

మాంసకృత్తులతో కలిసి వానిని గట్టిపరచుట టానిన్ల ముఖ్యగుణము. తంగేడుచెక్క నీటిలో నానిన పచ్చితోలు కుళ్లక, చెప్పులకు పనికివచ్చుటకు కారణ మిదియే. నోటిలోను, గొంతులోను గల మెత్తని పొరలపై ఇదే చర్య స్వల్పముగా జరుగును. పొర బిగిసి, ద్రవము ఊరుట తగ్గును. చిన్న గాయముల రక్తస్రావము నిలుచును. చిగుళ్ల బాధకు కరక్కాయ కషాయముతో పుక్కిలించు ఆచారము ఇందుచేతనే యేర్పడినది.

సమ్మేళనములు

టానిక్ ఆమ్లమును నేరుగా మ్రింగినచో కడుపులో వికారము కలుగును. దీనిని నివారించుటకై ఆల్బుమిన్ అను మాంసకృత్తుతో చేర్చి ఆల్బుమిన్ టానేటును తయారుచేసిరి. ఇది జీర్ణాశయములో అంతగా కరగక, ప్రేగులలో మెల్లగా విడివడి పనిచేయును. దీనిని విరేచనములకు వాడిరి. జెలటిన్ టానేటు నేటికిని కొన్ని దేశములలో వాడుకలో నున్నది.

ఒక గుణపాఠము

1925లో అమెరికాలోని డెట్రాయిట్ నగరమున డేవిడ్సన్ అను శస్త్రవైద్యుడు కాలిన గాయములకు టానిక్ ఆమ్ల ద్రావణమును ప్రవేశపెట్టెను. గాయముపై గట్టి పొర యేర్పడి ద్రవనష్టము తగ్గుటచే ఈ పద్ధతి అనేక దేశములకు వ్యాపించెను. కాని పెద్ద గాయముల ద్వారా ఈ ఆమ్లము రక్తములో చేరి కాలేయమును చెరచునని 1940 తరువాతి పరిశోధనలలో వెల్లడి యగుటచే దీనిని విడనాడిరి. ప్రకృతిసిద్ధమైనంత మాత్రమున ఏ వస్తువును హానిరహితము కాజాలదు.

పంచాయతీ సభ్యులు ప్రచారము చేయవలసినవి

1. కాలినచోట చెక్కపొడి, పసరు, సిరా పూయరాదు. 20 నిమిషములు చల్లని నీటిధార క్రింద నుంచి, శుభ్రమైన గుడ్డ కప్పి, ఆసుపత్రికి చేర్చవలెను. అవసరమైనచో 108కి ఫోను చేయవలెను.

2. విరేచనములలో పసిబిడ్డల ప్రాణము తీయునది ముఖ్యముగా శరీరములోని నీరు, లవణముల నష్టము. వగరు కషాయము ఆ నష్టమును పూరింపదు. ఓ.ఆర్.ఎస్. పొట్లమును ఒక లీటరు శుభ్రమైన నీటిలో కలిపి మాటిమాటికి త్రాగింపవలెను, తల్లిపాలు మాన్పరాదు. జింకు మాత్రలకై ఆశా కార్యకర్తను అడుగవలెను.

3. కరక్కాయ కషాయములో ఇనుపమేకు వేసినచో నీరు నల్లబడును. టీలోని టానిన్లును ఇట్లే ఇనుముతో కలిసి, దానిని శరీరమునకు అందనీయవు. కావున గర్భిణులు ఇనుము మాత్రను టీతో వేసికొనరాదు. రెంటికిని కనీసము ఒక గంట యెడముండవలెను.

ఈ మూడు విషయములను గ్రామసభలో చదివి వినిపించుటయు, ఓ.ఆర్.ఎస్. పొట్లములు, ఇనుము మాత్రలు ఊరిలో నిండుకొనకుండ చూచుటయు సభ్యుల చేతిలోని పని. ఇందుకు ఖర్చు లేదు; శ్రద్ధ చాలును.