పాత జీపుకు ఇంజిన్ బ్లాక్: చేయవలసినవి – చేయకూడనివి

కొడిమ్యాల, మల్యాల, జగిత్యాల వైపు పాత మహీంద్రా జీపును మళ్లీ రోడ్డెక్కించాలనుకునేవారు ముందుగా బ్లాక్‌ను సరిగా ఎంచుకోవాలి. బ్లాక్ చెడ్డదైతే దానిమీద పెట్టిన ప్రతి రూపాయీ వృథా, ప్రాణాలకూ ముప్పు. కింది సూచనలను తప్పక పాటించండి.

చేయవలసినవి

• ముందు మీ ఆర్‌సీ గడువు చూసుకోండి. సొంత బండికి 15 ఏళ్లు దాటాక ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి.
• ఇంజిన్ మార్చడానికి ముందే రవాణా కార్యాలయం నుంచి అనుమతి తీసుకోండి.
• బ్లాక్ మీది ఇంజిన్ నంబరును అమ్మేవారి ఆర్‌సీతో అంకె అంకె సరిచూడండి.
• బిల్లు, అమ్మేవారి గుర్తింపు కార్డు నకలు తీసుకుని దాచండి.
• మీ మోడల్‌కు కంపెనీ బిగించిన రకం బ్లాకే వెతకండి. 2,112 సీసీ పెజో డీజిల్, 2,523 సీసీ డీఐ ఒకటి కావు.
• మడ్డి, పాత రంగు పోయేదాకా కడిగించి చూశాకే బేరమాడండి.
• నీళ్లు తిరిగే దారులకు ప్రెజర్ టెస్ట్ చేయించండి. సన్నని పగుళ్లు కంటికి ఆనవు.
• హెడ్ బోల్టు రంధ్రాల చుట్టూ, సిలిండర్ల మధ్య, మెయిన్ బేరింగుల దగ్గర డై వేసి పగుళ్లు చూడండి.
• ప్రతి బోరును పైన, నడుమ, కింద కొలిపించండి. అరుగుదల అన్నిచోట్లా ఒకేలా ఉండదు.
• హెడ్ కూర్చునే పైభాగం సమంగా ఉందో స్ట్రెయిట్ ఎడ్జ్, ఫీలర్ గేజ్‌తో చూపించండి.
• మెయిన్ బేరింగ్ క్యాపులు ఆ బ్లాక్‌వేనని నంబర్లు చూసి నిర్ధారించుకోండి.
• పిస్టన్లు ముందు కొని, వాటి కొలతకే బోరింగ్ చేయించండి.
• బ్లాక్‌ను బరువుకు తగిన చైన్ బ్లాక్‌తోనే ఎత్తండి.

చేయకూడనివి

• కొత్త రంగు చూసి కొనకండి. పగులు రంగు కింద దాగుతుంది.
• నంబరు గీకేసిన, మళ్లీ కొట్టిన బ్లాక్‌ను ముట్టుకోకండి. దొంగసొత్తని తెలిసి కొనడం నేరం.
• ఒకసారి స్టార్ట్ చేసి చూపితే నమ్మకండి. కొన్ని పగుళ్లు వేడెక్కాకే బయటపడతాయి.
• ఆయిల్‌లో మీగడలాంటి మడ్డి ఉన్న ఇంజిన్‌ను పరీక్షించకుండా తీసుకోకండి; నీళ్లు కలిశాయని గుర్తు.
• ఎం-సీల్ పూసిన, పగుళ్లకు వెల్డింగ్ చేసిన బ్లాక్ కొనకండి.
• ఒక బ్లాక్ క్యాపులు మరో బ్లాక్‌కు బిగించకండి; క్రాంక్ పట్టేస్తుంది.
• చివరి ఓవర్‌సైజ్ దాటి బోరింగ్ చేయించకండి; గోడ పలచబడి పగులుతుంది.
• బ్రేకులు, గేర్‌బాక్స్ తట్టుకోలేని పెద్ద ఇంజిన్ ఎక్కించకండి.
• 50 ఏళ్లు దాటిన జీపుకు వింటేజ్ గుర్తింపు కావాలంటే ఇంజిన్‌లో మార్పులు చేయకండి. 2021 నిబంధనలు ఒప్పవు.
• చెట్టు కొమ్మకు, ఇంటి దూలానికి తాడుకట్టి ఇంజిన్ వేలాడదీయకండి.
• వేలాడుతున్న ఇంజిన్ కింద చేయి, కాలు పెట్టకండి.
• వెల్డింగ్ దగ్గర, బీడీ వెలిగించినచోట పెట్రోలుతో పార్టులు కడగకండి.
• గ్లవ్స్, కళ్లద్దాలు లేకుండా కాస్టిక్ సోడా వాడకండి. అందులో అల్యూమినియం పార్టులు ముంచకండి.
• తలుపులు మూసిన షెడ్డులో ఇంజిన్ నడపకండి. ఆ పొగ ప్రాణం తీస్తుంది.
• రేడియేటర్‌లో బోరు నీళ్లు పోయకండి; లోపల సున్నం పేరుకుని ఇంజిన్ వేడెక్కుతుంది.
• ఇంజిన్ వేడి మీద రేడియేటర్ మూత తీయకండి.

2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాట్‌లో బస్సు పడి 60 మందికి పైగా చనిపోయారు. వారిలో ఎక్కువమంది కొడిమ్యాల మండలం వారే. ఆ ప్రమాదాన్ని గుర్తుంచుకుని, ఇంజిన్ ఎంత బాగా కుదిరినా బ్రేకులు, స్టీరింగ్, టైర్లు చూపించకుండా బండిని ఘాట్ ఎక్కించకండి. పరిమితికి మించి మనుషులను ఎక్కించకండి.