మోలు: బరువా? లెక్కా?

వేసవిలో చిత్తూరు జిల్లా బంగారుపాళ్యం మార్కెట్ యార్డుకు వెళితే తోతాపురి మామిడికాయలు గుట్టలు గుట్టలుగా కనిపిస్తాయి. వాటిని ఎవరూ ఒక్కొక్కటిగా లెక్కపెట్టరు; టన్నుల్లో తూస్తారు. కాని తూకం తెలిస్తే లెక్కా తెలుస్తుంది. కాయ ఒక్కొక్కటి సరిగ్గా 250 గ్రాములు ఉందనుకుందాం. అప్పుడు టన్నుకు ఎన్ని కాయలు? 1000 కిలోలను పావుకిలోతో భాగించండి. 4000 కాయలు!

ఇప్పుడు ప్రతి మామిడికాయకూ ఒక నిమ్మకాయను జత చేయాలి. నిమ్మకాయ బరువు 50 గ్రాములు అనుకుందాం. మామిడికాయలు 250 కిలోలు ఉంటే, నిమ్మకాయలు కూడా 250 కిలోలు కావాలా? తొందరపడకండి! ఆ మామిడికాయలు 1000. అంతే బరువు నిమ్మకాయలు తెస్తే 5000 వస్తాయి, 4000 మిగిలిపోతాయి. కావలసినవి 50 కిలోలే. బరువులు వేరు, లెక్క ఒకటే.

రసాయన చర్యల్లోనూ పదార్థాలు ఇలాగే లెక్క ప్రకారం కలుస్తాయి. పొడిసున్నం మీద నీళ్ళు పోస్తే అది బుసబుసమని పొంగి, బాగా వేడెక్కి, తడిసున్నంగా మారుతుంది. (ఒళ్ళు కాలే ప్రమాదం ఉంది, మీరు చేసి చూడకండి.) పొడిసున్నం అంటే కాల్షియం ఆక్సైడ్. అందులోని కాల్షియం, ఆక్సిజన్ జంట ఒక్కొక్కదానికి ఒక్కొక్క నీటి అణువు కావాలి. మరి కంటికి కనిపించని అణువులను లెక్కపెట్టడం ఎలా?

మామిడికాయల ఉపాయమే! తూస్తే సరి. పరమాణు భారాలు కాల్షియంకు 40, ఆక్సిజన్‌కు 16, హైడ్రోజన్‌కు 1. కాబట్టి కాల్షియం ఆక్సైడ్‌కు 40 + 16 = 56; నీటికి 1 + 1 + 16 = 18. అంటే 56 గ్రాముల పొడిసున్నంలో ఎన్ని జంటలున్నాయో, 18 గ్రాముల నీటిలో అన్ని అణువులున్నాయి. ఈ లెక్కకే 'మోలు' అని పేరు.

డజను అంటే 12. దస్తా అంటే 24 కాగితాలు. మోలు అంటే 602214076 రాసి, పక్కన 15 సున్నాలు చుట్టాలి! ఇదే అవొగాడ్రో సంఖ్య. ఒకే ఉష్ణోగ్రత, ఒకే పీడనం వద్ద సమాన ఘనపరిమాణాలు గల వాయువుల్లో సమాన సంఖ్యలో అణువులుంటాయని 1811లో చెప్పిన ఇటలీ శాస్త్రజ్ఞుడు అవొగాడ్రో. ఆయన గౌరవార్థం 1909లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పెరాఁ ఈ సంఖ్యకు ఆ పేరు పెట్టాడు.

ఒక మోలు నీరు నాలుగు చెంచాలకు మించదు. కాని ఒక మోలు మామిడికాయలను గుట్ట పోస్తే ఆ గుట్ట మన చందమామకు రెండింతలు బరువు తూగుతుంది! అణువులు అంత చిన్నవి.

'మోలు అంటే 18 గ్రాములు' అని కొందరు బట్టీపడతారు. అది ఒక మోలు నీటి బరువు మాత్రమే. డజను కోడిగుడ్లూ, డజను గుమ్మడికాయలూ ఒకే బరువు తూగుతాయా? 1971లో అంతర్జాతీయ ప్రమాణంగా స్వీకరించినప్పుడు, 12 గ్రాముల కార్బన్-12లో ఎన్ని పరమాణువులుంటాయో అంత అని మోలును నిర్వచించారు. 2019 మే 20 నుంచి గ్రాముల ప్రసక్తి లేకుండా, పైన చెప్పిన సంఖ్యనే నిర్వచనంగా ఖాయం చేశారు. కనుక మోలు బరువు కాదు, లెక్కే.

ఇప్పుడు మీరే చెప్పండి: 28 గ్రాముల పొడిసున్నం పూర్తిగా తడిసున్నంగా మారడానికి ఎన్ని గ్రాముల నీరు కలవాలి? 28 అన్నారా? అయితే నిమ్మకాయల లెక్క మళ్ళీ ఒకసారి చూడండి. 9 అన్నారా? శభాష్!